మా వదిన ఎడమ డొక్క

నేను స్కానింగ్ డాక్టరునని తెలియగానే మా వైపు మనుషులు అడిగేది ఒక్కటే, కడుపులో ఉన్నది ఆడపిల్లనా, మగపిల్లవాడా అని. అది చెప్పకూడదని గోడ మీద పెద్ద బోర్డు ఉంటుంది. ఆ బోర్డు కిందే నిలబడి అడుగుతారు. చెప్పనంటే "మాకు తెల్వదా, చెప్పేటోళ్లకు చెప్తరు" అని గొణుక్కుంటూ పోతారు. నాకు ఒళ్లు మండుతుంది. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ మిషన్‌తో కాలేయం చూడవచ్చు, పిత్తాశయం చూడవచ్చు, మూత్రపిండాల్లో రాయి ఉందో చీము ఉందో చూడవచ్చు అని ఎంత మొత్తుకున్నా లాభం లేదు. జనం లెక్కలో స్కానింగ్ గది అంటే గర్భిణులు వెళ్లే చోటు.

పొద్దున సూర్యాపేటలో ఒక స్కానింగ్ సెంటర్‌లో, మధ్యాహ్నం నుంచి కోదాడలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో నా పని. కోదాడకు వచ్చేసరికి పేషెంట్ల మాట కూడా మారుతుంది, "ఏవండీ డాక్టరుగారూ, ఏవైనా ఉందాండీ" అంటారు. సూర్యాపేటలో అదే మాట "ఏమున్నదమ్మ, జల్ది సెప్పు" అవుతుంది. రెండు చోట్లా అదే చీకటి గది, అదే జెల్లీ, అదే బల్ల. చీకట్లో కూర్చుని కూర్చుని బయటి ఎండలోకి వస్తే కళ్లు చిట్లించుకోవడం నాకు అలవాటైపోయింది. మా వదిన అది చూసి, "మా మామ బిడ్డను గనలే, గుడ్లగూబను గన్నడు" అని నవ్వేది.

మాది పెన్‌పహాడ్ దగ్గర పల్లె. తాతల నుంచీ గొర్రెలే మా బతుకు. అమ్మానాన్నలు నా చిన్నతనంలోనే పోయారు. అన్నకూ నాకూ వయసులో చాలా తేడా ఉంది. వదిన కాపురానికి వచ్చేనాటికి నాకు జడ వేసుకోవడం కూడా రాదు. ఆమె వేసిన జడతోనే నా బడి చదువంతా నడిచింది. కళ్లు పైకి లాగుకుపోయేంత బిగించి అల్లేది. ఏడిస్తే నెత్తి మీద ఒక్కటి పెట్టి, "గింత తలకాయల గంత కోపం ఏడ పెట్టుకుంటవే" అనేది. నేను డాక్టరు చదువుతానంటే, మంద వెనక తిరిగే ఇంట్లో ఆడపిల్లకు ఇంత చదువెందుకని చుట్టాలు నోరు చేసుకున్నారు. వాళ్లందరి మీద వదిన తిరగబడింది. మా అన్న నోట్లో నాలుక లేని మనిషి. ఆ ఇంటికి నోరంటూ ఉంటే అది వదినదే.

ఆమెకు పిల్లలు కలగలేదు. ఒకప్పుడు అన్న ఆమెను సూర్యాపేటలో, మిర్యాలగూడలో ఎన్నో ఆస్పత్రులు తిప్పాడు. ప్రతిచోటా స్కానింగ్ రాసేవాళ్లు. నీళ్లు తాగి, ఉబ్బిన పొట్టలతో వరసగా కూర్చున్న ఆడవాళ్ల మధ్య ఈమె కూర్చోవాలి. పక్కనున్నామె ఊరుకోదు కదా, "ఎన్నో నెల అక్కా?" అని అడుగుతుంది. ఒకసారి ఏం చెప్పాలో తోచక "నాలుగో నెల" అనేసిందట. ఆమె సంబరపడి, పుల్లమామిడి తినాలనిపిస్తుందా, వాంతులు అవుతున్నాయా అని ఒకటే ఆరాలు. వదిన అన్నిటికీ తలూపుతూ కూర్చుంది. ఈ సంగతి నాకు నవ్వుతూనే చెప్పింది. చెప్పి చెప్పి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఇక ఆ బల్ల ఎక్కేది లేదని ఆ రోజే తెగేసి చెప్పింది, అన్న కూడా మళ్లీ బలవంతం చేయలేదు.

నేను స్కానింగ్‌లో పీజీ చేశానని తెలిసి, "అన్ని సదువులు సదివి, నాకు పడని దుకాణమే సూసి సూసి పెట్టినవా?" అంది. మా సెంటర్‌కు వస్తే లోపల అడుగు పెట్టేది కాదు. బయట మెట్ల దగ్గరే నిలబడి, జొన్న రొట్టెలో కూరో చేతిలో పెట్టి పోయేది. లోపలికి రా వదినా అంటే, "అందరు కడుపులోళ్లే ఉంటరు. నాకేం పని?" అనేది. నేనూ రెట్టించేదాన్ని కాదు. నాకు ఆ నాలుగో నెల మాట గుర్తొచ్చేది.

మా అన్న గురించి ఒక మాట చెప్పాలి. ఆయనకు చదువు రాదు, కానీ జీవాల వైద్యంలో చుట్టుపక్కల ఆయనకు పేరుంది. ముఖ్యంగా పొట్టేళ్లకు మూత్రం బిగిస్తే అన్న దగ్గరికే తెస్తారు, కోదాడ దగ్గరి అనంతగిరి వైపు నుంచి కూడా. పొట్టేలుకు మూత్రం వచ్చే చోట చివర దారం ముక్కలాంటి సన్నటి కొస ఉంటుంది. లోపలి నుంచి జారిన రాయి వచ్చి అక్కడ ఇరుక్కుంటుంది. పొట్టేలు మేత మానేసి, నడుం సాగదీసి నిలబడి, కాలితో పొట్ట తన్నుకుంటుంది. అన్న దాన్ని పిరుదుల మీద కూర్చోబెట్టి, వెనక నుంచి మోకాళ్లతో పట్టి, ఆ కొసను బ్లేడుతో ఒక్క తృటిలో తీసేస్తాడు. ధార కొడుతుంది. చుట్టూ ఉన్నవాళ్లు హమ్మయ్య అంటారు. "ఉచ్చ పడ్డది, ఇగ జీవానికి ఏం గాదు" అని అన్న చేతులు కడుక్కుంటాడు. ఆయన మాట తప్పిన సందర్భం నాకు తెలిసి లేదు. చిన్నప్పుడు పక్కన కూర్చుని ఎన్నిసార్లు చూశానో. నాకు వైద్యం మీద మోజు పుట్టింది అక్కడే అనుకుంటాను.

ఆ యేడు వరికోతలు అయిపోగానే అన్నా వదినా మందను తోలుకుని మిర్యాలగూడ వైపు వెళ్లారు. ఏటా వెళ్లేదే. సాగర్ కాల్వ కింద కోసిన మడుల్లో మేత దొరుకుతుంది. అక్కడి రైతులు తమ పొలంలో మంద పెట్టించుకుంటారు, ఎరువు పడుతుందని. ఒక మడిలో కొన్నాళ్లు, ఇంకో మడిలో కొన్నాళ్లు. వదిన అక్కడే రాళ్ల పొయ్యి మీద వంట చేసేది. ఫోన్ చేస్తే వెనక గొర్రెల అరుపులూ, దూరంగా రైసు మిల్లుల మోతా వినిపించేవి. ఏం తిన్నావంటే నేనేం తిన్నానని నన్నే అడిగేది.

అప్పుడే ఆమెకు ఎడమ డొక్కలో నొప్పి వచ్చింది. తర్వాత అన్న నాకు అంతా చెప్పాడు, మాట మాట ఏరుకుని, ఎక్కడా తనను తాను కాపాడుకోకుండా. నొప్పికి వదిన మడిగట్టు మీద మెలికలు తిరిగిపోయిందట. అన్న పక్కన కూర్చుని అడిగాడు.

"ఉచ్చ వస్తున్నదా?"

"వస్తున్నది."

"ధార మంచిగనే ఉన్నదా, సుక్క సుక్క పడుతున్నదా?"

"మంచిగనే ఉన్నది పో. నన్నేమన్న పొట్టేలు అనుకున్నవా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. అన్నకు గుండె దిటవైంది. అడ్డం ఏమీ లేదు, వేడి చేసి ఉంటుంది, తగ్గుతుంది అనుకున్నాడు. సబ్జా గింజలు నానబెట్టి తాగించాడు. చెల్లెకు ఒక మాట చెబుదామా అంటే వదినే వద్దంది. "దాని దగ్గరికి పోతే బల్ల ఎక్కమంటది. నాకేం కడుపా, కాన్పా?" అందట.

నొప్పి నిజంగానే తగ్గింది. మూత్రం పూర్తిగా అడ్డుపడ్డ మూత్రపిండం మొదట్లో విపరీతంగా నొప్పి పెట్టి, తర్వాత మెల్లగా మొద్దుబారుతుంది. నొప్పి పోయిందని మనిషి లేచి తిరుగుతాడు. లోపల నిలిచిపోయిన మూత్రం పులిసి చీమవుతూ ఉంటుంది. రెండో వైపుది మాత్రం తన పని తాను చేసుకుంటూ పోతుంది కాబట్టి మూత్రం వస్తూనే ఉంటుంది. అన్న రోజూ పొద్దున అడుగుతూనే ఉన్నాడు. వదిన రోజూ వస్తున్నదని చెబుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు.

తర్వాత సాయంత్రాలు చలిజ్వరం మొదలైంది. గొంగడి మీద గొంగడి కప్పినా వణుకు ఆగేది కాదు. పక్క ఊరి ఆర్ఎంపీ సూది వేశాడు, మాత్రలు ఇచ్చాడు. జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. పొలాల్లో దోమలు ఎక్కువ, మలేరియా అన్నాడు. ఆయన్ని తిట్టుకున్నాను, చాలా రోజులు తిట్టుకున్నాను. కానీ నిజం చెప్పాలంటే ఆ దోమల్లో, ఆ చలిలో ఎవరికైనా ముందు తోచేది మలేరియానే.

ఒకరోజు మధ్యాహ్నం నేను కోదాడలో పేషెంటును చూస్తుండగా అన్న ఫోన్ వచ్చింది. పని వేళలో ఆయన ఎప్పుడూ చేయడు.

"చెల్లె, మీ వదినె జర తేడగ మాట్లాడుతున్నది. వాళ్ల అమ్మను పిలుస్తున్నది. నన్ను ఎవరివని అడిగింది."

"ఎక్కడున్నరన్నా?"

"నేరేడుచర్ల దాటినం. నువ్వు కోదాడల ఉంటవని అటే వస్తున్నం."

గొర్రెపిల్లలను తరలించే ట్రాలీ ఆటోలో, కింద గడ్డి పరిచి, ఆమెను పడుకోబెట్టి తెచ్చాడు. ఆస్పత్రి ముందు దించుతుంటే ఆమె తలలో గడ్డిపోచలు ఇరుక్కుని ఉన్నాయి. ఒళ్లు కాలిపోతోంది, చేతులు మాత్రం చల్లగా ఉన్నాయి. నర్సు బీపీ చూసి, మళ్లీ చూసి, నా వైపు చూసింది. సెలైన్ పెట్టించి నేరుగా నా గదిలోకి తీసుకుపోయాను. వదిన అంతకాలం తప్పించుకు తిరిగిన ఆ బల్ల ఎక్కింది. ఎక్కించాం అనాలి. తనకు తెలియదు.

జెల్లీ రాశాను.

ముందు కుడి వైపు చూశాను. కుడి మూత్రపిండం చక్కగా ఉంది. నడుమ తెల్లగా, చుట్టూ బూడిద రంగులో, పుస్తకంలో బొమ్మలా ఉంది. ఒక్క క్షణం ఆశ పుట్టింది, మలేరియానే అయి ఉండవచ్చని. అప్పుడు ఎడమ డొక్క మీద ప్రోబ్ పెట్టాను. అక్కడ ఉన్నది ఒక పెద్ద తిత్తి. లోపలి గదులన్నీ ఉబ్బి ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. తేట మూత్రం నిలిస్తే తెర మీద నల్లగా కనిపించాలి. ఇక్కడ నలుపు లేదు. అంతా బూడిద రంగు మడ్డి, అందులో మెల్లగా తేలే నలుసులు. పైన కొంచెం పలచన, అడుగున చిక్కదనం, రెంటి మధ్య ఒక గీత. వదినను పక్కకు ఒత్తిగిలించాం. గంజి కుండ వంచితే అడుగున పేరుకున్నది జారినట్టు ఆ గీత కూడా మెల్లగా జారింది. చీమే. ఇక అనుమానం లేదు. మూత్రనాళం మొదట్లో తెల్లగా రాయి, దాని వెనక పొడుగ్గా నల్లటి నీడ.

నేను ఇటువంటివి చాలా చూశాను. చూడగానే రిపోర్టు నా నోట్లోకి తనంతట తాను వస్తుంది, పక్కన టైపు చేసే అమ్మాయికి చెబుతూ పోతాను. ఆ రోజు ఎడమ మూత్రపిండం అన్నంత వరకే చెప్పాను. ఆ అమ్మాయే లేచి వచ్చి నా భుజం మీద చేయి వేసింది.

తలుపు దగ్గర అన్న నిలబడి ఉన్నాడు. భుజాన గొంగడి, చేతిలో కర్ర కూడా అలాగే ఉంది.

"ఏమున్నది చెల్లె?"

"రాయి అడ్డం పడ్డదన్నా. ఎడమ గుర్దాల చీము పట్టింది."

"అడ్డం పడుడేంది?" అన్నాడు. "ఉచ్చ వస్తున్నది గద. పొద్దుగాల గూడ పోసింది. నేను రోజు అడుగుతనే ఉన్న."

జవాబు చెప్పే తీరిక నాకు లేకపోయింది. కోదాడ డాక్టరు మందులు ఎక్కించడం మొదలుపెట్టాడు గానీ, మందులు ఒక్కటే సరిపోవు. తిత్తిలో బిగిసి ఉన్న ఆ చీముకు బయటికి దారి ఇవ్వాలి. డొక్కలోంచి సన్నటి గొట్టం వేసి దించాలి. ఆ పని చేయగల సర్జన్ సూర్యాపేటలో ఉన్నాడు, నాకు తెలిసినవాడే. ఫోన్ చేస్తే వెంటనే తెమ్మన్నాడు. అంబులెన్సులో వదిన తల నా ఒడిలో పెట్టుకున్నాను. ఏళ్ల తరబడి రోజూ తిరిగిన హైవే ఆ సాయంత్రం ఎంతకూ తరగలేదు. లారీల మీద కోపం, బస్సుల మీద కోపం, దారి ఇవ్వని ప్రతివాడి మీదా కోపం. ఆమె తలలోని గడ్డిపోచలు ఒక్కొక్కటే తీస్తూ కూర్చున్నాను.

సర్జన్ నన్ను బయట ఉండమనలేదు. "మీరే ప్రోబ్ పట్టుకోండి, మీ చేతికి తెలుసు" అన్నాడు. పట్టుకున్నాను. వదిన వీపు మీద మత్తు సూది వేసి, ఆయన లావుపాటి సూది దించుతుంటే తెర మీద తెల్లటి గీతలా లోపలికి దిగింది. ఆ గీత తిత్తిలోకి చేరగానే ఆగమన్నాను. సూది లోపలి పుల్ల తీయగానే చిక్కటి పచ్చటి చీము చిమ్మింది. గది అంతా వాసన. గొట్టం వేసి, సంచి తగిలించాడు. సంచి నిండుతూ ఉంటే నాకు ఏడుపు వచ్చింది, సంతోషంతోనే వచ్చింది. దారి దొరికింది.

బయటికి వచ్చి చెప్పగానే అన్న మొహంలోకి ప్రాణం వచ్చింది. "బయట పడ్డదా? ఇగ ఏం గాదు" అన్నాడు. తన పొట్టేళ్ల గురించి అనే మాటే. నాకు చదువు ఉంది, ఆ చీము అప్పటికే రక్తంలో ఎంత కలిసిందో తెలియదని నాకు తెలుసు. అయినా ఆ మాట నమ్మాను. ఆయన చెబితే తప్పదన్న చిన్నప్పటి నమ్మకంతో నమ్మాను.

మర్నాడు వదినకు తెలివి వచ్చింది. జ్వరం కొంచెం తగ్గింది. సంచిలోకి దిగేది కూడా పలచబడింది. నన్ను చూసి, ఎండిన పెదవులతో నవ్వింది.

"ఆఖరికి నీ బల్ల ఎక్కిచ్చినవ్ గద గుడ్లగూబా."

"ఎక్కకపోతే ఊకుంటనా?"

"ఎన్నో నెల అని అడగలే?"

నేను నవ్వలేకపోయాను. ఆమే నవ్వింది, నవ్వితే నొప్పి పుట్టి డొక్క పట్టుకుంది. "మందను ఎవరు సూస్తున్నరు?" అని అడిగింది. మా చిన్నాన్న కొడుకు చూస్తున్నాడని చెప్పాను. "వానికి సేతగాదు. మీ అన్నను పొమ్మను. నాకు నువ్వున్నవ్ గద" అంది. అన్న పోలేదు. మంచం పక్కన నేల మీద కూర్చుని ఆమె కాళ్లు పిసుకుతూ ఉన్నాడు.

ఆ రోజు మధ్యాహ్నం వరండాలో అన్న నన్ను ఆపి మళ్లీ అదే అడిగాడు. ఉచ్చ వచ్చింది కదా, మరి అడ్డం ఎట్లా పడింది అని. ఈసారి తప్పించుకోలేకపోయాను. "పెద్ద కాల్వ నుంచి రెండు పిల్ల కాల్వలు ఉన్నయనుకో అన్నా. ఒకదానికి అడ్డం పడ్డా, రెండోదాంట్ల నీళ్లు పారుతనే ఉంటయి. కింద మడిల నిలబడి సూసేటోనికి నీళ్లు వస్తున్నట్టే కనబడ్తది" అని చెప్పాను. ఆయన గొంగడి భుజం మీద సర్దుకున్నాడు. తర్వాత, "గొర్రెకు గూడ గుర్దాలు రెండే ఉంటయి. ఎన్ని కోసిన్నో. నాకెరుక లేదా" అన్నాడు. పొట్టేలుకు రాయి ఇరుక్కునేది చిట్టచివరన, రెండు దారులూ కలిసిన తర్వాత, అందుకే దాని లెక్క వేరు అని చెప్పబోయాను. ఆయన వినే స్థితిలో లేడు, లోపలికి వెళ్లి మళ్లీ ఆమె కాళ్ల దగ్గర కూర్చున్నాడు.

సాయంత్రానికి వదిన ఊపిరి వేగం పెరిగింది. బీపీ నిలబడలేదు. మందులు మార్చారు, ఊపిరికి మిషన్ పెట్టారు. హైదరాబాద్ తీసుకుపోదామంటే దారిలో తట్టుకోదన్నారు. గొట్టంలోంచి వచ్చేది అప్పటికి తేటగానే ఉంది. డొక్క ఖాళీ అయింది, కానీ విషం ఒళ్లంతా పాకిపోయింది. మర్నాడు పొద్దెక్కాక, కిటికీలోంచి ఎండ మంచం మీద పడుతుండగా వదిన పోయింది. నా చదువు, నా మిషన్, నాకు తెలిసిన డాక్టర్లు, అన్నీ ఆమె చుట్టూనే ఉన్నాయి. అమ్మ పోయినప్పుడు నాకు ఊహ లేదు. ఆ ఏడుపు కూడా కలిపి ఆ రోజు ఏడ్చాను.

పరామర్శకు వచ్చినవాళ్ల మాటలు పడటం నా వల్ల కాలేదు. ఒకామె, ఫలానా ఊళ్లో ఆకు పసరు పోస్తారు, రాయి కరిగిపోయేది అంది. ఇంకొకాయన, డొక్కకు బెజ్జం పెట్టకపోతే బతికేది అన్నాడు. నేను లేచి వాళ్లను వాకిట్లోకి పొమ్మన్నాను. పెద్దవాళ్లను అంటావా అని నన్నే తప్పు పట్టారు.

దినాలు ఇంకా కాకముందే ఒకాయన పొట్టేలును ఆటోలో వేసుకుని వచ్చాడు. పాపం, ఇంట్లో సంగతి ఆయనకు తెలియదు. తెలిసి వెనక్కి తిరగబోయాడు. పొట్టేలు నడుం సాగదీసి, కాలితో పొట్ట తన్నుకుంటోంది. అన్న లేచి వెళ్లాడు. ఎప్పటిలాగే మోకాళ్ల మధ్య పట్టాడు, బ్లేడు అడిగాడు, ఒక్క తృటిలో తీసేశాడు. ధార కొట్టింది. వచ్చినాయన దండం పెట్టి, "ఇగ ఏం గాదు గద?" అన్నాడు. అన్న చేతులు కూడా కడుక్కోకుండా దొడ్డి వెనక్కి వెళ్లాడు. వెనకే నేను వెళ్లేసరికి గోడకు తల ఆనించి, నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు. దగ్గరికి వెళ్లే ధైర్యం చాలలేదు.

నాకు ఒక్కటే భయం ఉండేది. ముందే తెస్తే బతికేదా అని ఆయన నన్ను ఎప్పుడో ఒకనాడు అడుగుతాడు. జవాబు నాకు తెలుసు. నొప్పి వచ్చిన రోజుల్లోనే ఒక్కసారి చూసి ఉంటే, తెర మీద తేట నలుపు ఉండేది. గొట్టం వేసి, తర్వాత రాయి తీసి, ఇంటికి పంపేవాళ్లం. బతికేది. తెర మీద ఉన్నదాన్ని ఉన్నట్టు చెప్పడమే నా వృత్తి. ఆ మాట ఆయనతో ఎలా చెప్పాలో, చెప్పకుండా ఎలా ఉండాలో నాకు తెలియలేదు. అందుకే ఊరికి వెళ్లడం తగ్గించాను. ఫోన్‌లో మందెట్లా ఉంది, తిన్నావా అని అడిగి పెట్టేసేదాన్ని.

వానలు పడటం మొదలయ్యాక, ఒకరోజు పొద్దున సూర్యాపేట సెంటర్‌లో పేర్లు పిలిచే ఆమె వచ్చి, మీ అన్న కూర్చుని ఉన్నాడని చెప్పింది. బయటికి వెళ్లి చూస్తే బెంచీ మీద గర్భిణుల వరసలో, తడిసిన గొంగడి ఒళ్లో పెట్టుకుని, తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు. ముందే ఎందుకు పిలవలేదన్నా అంటే, "అందరు కూసున్నరు గద" అన్నాడు. లోపలికి తీసుకుపోయాను.

"ఏమైందన్నా?"

"ఏం లే. డొక్కల నొస్తున్నది. ఒకసారి సూడు."

ఎక్కడ అంటే ఎడమ వైపు చూపించాడు. నొక్కి చూశాను, నొప్పి ఉన్నవాడిలా ఒళ్లు బిగించలేదు. బల్ల ఎక్కమన్నాను. చొక్కా పైకి లాగి, చలికి వణుకుతున్నట్టు ఒక్కసారి కదిలి, మెడ తిప్పి తెర వైపు చూస్తూ పడుకున్నాడు. జెల్లీ రాసి ముందు కుడి వైపు, తర్వాత ఎడమ వైపు పెట్టాను. రెండూ బాగున్నాయి. ఆయన చూసేటట్టు తెరను కొంచెం తిప్పి, "ఇదొకటి, ఇదొకటి. రెండు మంచిగున్నయన్నా. రాయి లేదు, నీరు లేదు" అన్నాను. ప్రోబ్ తీసి పక్కన పెట్టాను.

ఆయన తెర వైపే చూస్తున్నాడు.

"అయిపాయెనా?"

"అయిపోయిందన్నా."

"గింతసేపేనా?" అన్నాడు.

నేను గుడ్డ తీసుకుని ఆయన డొక్క మీది జెల్లీ తుడవడం మొదలుపెట్టాను. అది మొత్తం పోయాక కూడా తుడుస్తూనే ఉన్నాను.

"చెల్లె, నిన్నే అడుగుతున్న. గింతసేపేనా?"

"గింతసేపే అన్నా."

ఆయన బల్ల దిగలేదు. పేర్లు పిలిచే ఆమె తలుపు తీసి, తర్వాతి పేషెంటును పంపనా అని అడిగింది. కొంచెం ఆగమన్నాను.